దుకాణానికి డ్రా తీస్తారు, మానేవాడికి గది ఇవ్వరు

2023లో తెలంగాణ ప్రభుత్వం 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిచింది. దరఖాస్తుకు 2 లక్షలు, డ్రాలో పేరు రాకపోతే ఆ సొమ్ము తిరిగి రాదు. 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరాయి. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ 3,396 దుకాణాలతో అదే పని చేసి దాదాపు 1,800 కోట్లు వెనకేసుకుంది. ఏ దుకాణం ఎక్కడ ఉండాలో, ఎన్నింటికి తెరవాలో, అన్నీ కాగితం మీద పక్కాగా ఉంటాయి. సరే. ఇప్పుడు అదే ఎక్సైజ్ ఆఫీసుకు వెళ్లి, "అయ్యా, మా ఆయన మానేస్తానంటున్నాడు. మానినవాళ్లు కూర్చునే మీటింగ్ మన మండలంలో ఎక్కడ?" అని ఒక ఆడమనిషి అడిగితే ఏం చెబుతారు? ఆమె ముఖం వంక చూస్తారు.

అందుకే ఆమె గోడ మీద రాత చూస్తుంది: అతనికి తెలియకుండానే తాగుడు మాన్పించబడును. పొట్లం కొని పప్పులో కలుపుతుంది. అందులో ఏముందో అమ్మేవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ గనక ఉంటే, దాని మీద మద్యం పడితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ప్రాణమే పోవచ్చు. డాక్టరైనా రోగికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు అది. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు. తిట్టాల్సినవాళ్లు ఏసీ గదుల్లో మద్యం రాబడి లెక్కలు చూసుకుంటున్నారు.

మరి అయ్యప్ప మాల? ఏటా కార్తీకంలో చూస్తూనే ఉన్నాం. నిన్నటిదాకా బెల్టు షాపు బల్ల దిగనివాడు నల్లబట్టలు కట్టి 41 రోజులు చుక్క ముట్టడు. అంతా అయ్యప్ప మహిమ అంటారు. మహిమను నేను కాదనను. కానీ ఆ 41 రోజుల్లో ఇంకేం జరుగుతోందో కాస్త చూడండి. చీకటితోనే చన్నీళ్ల స్నానానికి తోటి స్వామి లేపుతాడు. సాయంత్రం భజన, పడిపూజ. భిక్ష పదిమందితో కలిసి. "తాగుబోతు వెధవా" అన్న నోళ్లే "స్వామీ" అంటాయి, కట్టుకున్న భార్యతో సహా. పోయించే దోస్తు కూడా దూరం జరుగుతాడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన రోజే ఇదంతా మాయం, దోస్తు క్వార్టర్‌తో ఎదురొస్తాడు. మళ్లీ తాగితే భక్తి చాలలేదని తేల్చేస్తాం. 42వ రోజు సాయంత్రం అతను వెళ్లి కూర్చోవడానికి ఊళ్లో చోటేది, అని మాత్రం ఎవరూ అడగరు.

అలాంటి చోటు లోకంలో లేకపోలేదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జను మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అదే. ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే. ఒకరి గోడు ఒకరు వింటూ తాగకుండా నిలబడ్డారు. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంటిపేరు అక్కర్లేదు, కులం అక్కర్లేదు. నీతులు చెప్పే పెద్దమనిషి ఉండడు. తాగి పోగొట్టుకున్నవాడే తన కథ చెబుతాడు. జన్మంతా ముట్టనని ఒట్టు వేయించరు. ఈ ఒక్క రోజు తాగకు, మళ్లీ రా, అంటారు. ఇంట్లోవాళ్లకు ఆల్-అనాన్ వేరే ఉంది. ఇవన్నీ కబుర్లని కొట్టిపారేసే చదువరులకు ఒక మాట: 2020లో కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలు జల్లెడ పట్టింది. తాగుడు పూర్తిగా మానిపించడంలో, మనిషిని ఏఏ వైపు నడిపించే పద్ధతి పేరున్న ఇతర చికిత్సలకు తీసిపోదనీ, చాలాసార్లు మెరుగనీ తేల్చింది.

అందరికీ ఇదే పడుతుందని అనను. రోజూ విపరీతంగా తాగేవాడు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ రావచ్చు, మతి చెదరవచ్చు; ముందు ఆసుపత్రి, తర్వాతే మీటింగ్. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూయగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం పరుగెత్తింది మరిచిపోయారా? కేంద్రం 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

ఇందులో సిగ్గుచేటు ఏమిటంటే, ఏఏ సర్కారు సొమ్ము అడగదు. బయటివాళ్ల విరాళం ముట్టకూడదన్నది వాళ్ల నియమం. కావలసింది సాయంత్రం గంటన్నర సేపు ఒక గది, కాసిని కుర్చీలు, ఒక లైటు. చాలాచోట్ల చర్చి గదుల్లో కూర్చుంటారు. మతం మార్చడానికే అని గొణిగే మహానుభావులారా, వాళ్లు తలుపు తీశారు కాబట్టి అక్కడ కూర్చున్నారు. ఆషాఢంలో, మూఢంలో మీ కల్యాణ మండపాలు బూజు పట్టి ఉంటాయి కదా, తీయండి చూద్దాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ పోరు 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్యనిషేధాన్ని తెచ్చింది. 1997లో పెద్దలు దాన్ని ఎత్తేశారు. నేనిప్పుడు నిషేధం అడగడం లేదు. వైన్స్ బోర్డు మీద, బార్ గోడ మీద దగ్గర్లోని మీటింగ్ ఏ వారమో, ఎన్నింటికో, ఎక్కడో రాయండి. కేంద్రం పెట్టిన 14446 హెల్ప్‌లైన్ నంబరూ రాయండి. మీటింగే లేని మండలంలో ఒక సర్కారు బడి గదిని రాత్రి ఏడింటికి తెరిపించండి. అధికారులకు తీరిక లేదంటారా? దుకాణాల డ్రాకు కలెక్టర్లే వచ్చి కూర్చున్నారు. బడి తాళం తీయించడానికి వాళ్లు రానక్కర్లేదు, ఒక్క సంతకం పంపితే చాలు.