ముక్కులో ఉన్నవన్నీ శత్రువులు కావు

జీవామృతం తయారీ వీడియో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 200 లీటర్ల నీళ్లలో పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపాక గట్టు మీది మట్టి ఒక గుప్పెడు వేస్తాం. మందు పడని ఆ మట్టిలోని సూక్ష్మజీవుల కోసమే కదా! మరి ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే? మెడికల్ షాపుకెళ్లి, అడిగి మరీ యాంటీబయాటిక్ బిళ్లలు తెచ్చుకుంటాం. పొలంలో ఒక నీతి, ఒంటికి ఇంకో నీతి. ఇది మారాలి.

ముక్కు లోపల కూడా బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. అందులో మిత్రులూ ఉన్నారు, అదను చూసి దెబ్బ తీసేవాళ్లూ ఉన్నారు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనేది సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఊరికే ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు తెస్తుంది. జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు 2016లో ఒక సంగతి బయటపెట్టారు. ముక్కులోనే ఉండే స్టెఫైలోకాకస్ లుగ్డునెన్సిస్ అనే మరో బ్యాక్టీరియా, లుగ్డునిన్ అనే పదార్థం తయారుచేసి ఆరియస్‌ను చంపుతుందట. వాళ్లు పరీక్షించిన ఆసుపత్రి రోగుల్లో, ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో ఆరియస్ దాదాపు 6 శాతం మందిలోనే కనిపించింది. లేనివాళ్లలో దాదాపు 35 శాతం.

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ పరిశోధకులు 2020లో చెప్పింది ఇంకా మనకు దగ్గరి విషయం. పెరుగు తోడుకునేలా చేసే లాక్టోబాసిల్లస్ జాతులు దీర్ఘకాలిక సైనసైటిస్ ఉన్నవాళ్ల ముక్కులో కన్నా ఆరోగ్యవంతుల ముక్కులో ఎక్కువగా ఉన్నాయి.

వరిలో ఇష్టమొచ్చినట్టు మందు కొడితే ఏమవుతుందో మనకు తెలుసు. సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు పోతాయి. ఆ తర్వాత సుడిదోమ రెట్టింపుగా లేస్తుంది. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. జలుబు తగ్గదు సరికదా, ఆ మందు మిత్రుల మీద పడుతుంది, మొండి బ్యాక్టీరియాకు దారి ఇస్తుంది.

అయితే మనవాళ్లలో కొందరు రెండో కొసకు వెళ్తున్నారు. ప్రకృతి సేద్యం చేస్తే ఉబ్బసం రాదు అనేస్తున్నారు. అమెరికాలో గుర్రాలతో, చిన్న పాడితో సాగు చేసే అమిష్ పిల్లల్లో ఆస్తమా 5 శాతం, పెద్ద యంత్రాల సాగు చేసే హట్టరైట్ పిల్లల్లో 21 శాతం అన్నది నిజమే. కానీ అది పసితనం నుంచీ పశువుల కొట్టం గాలిలో పెరగడం గురించిన మాట. రసాయనాలు లేని సాగును పరీక్షించిన అధ్యయనం కాదు. పైగా బూజు పట్టిన గడ్డి దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అది సేంద్రియ గడ్డి అయినా అంతే.

కాబట్టి గడ్డివాము కదిపేటప్పుడు, గింజ తూర్పారబట్టేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టండి. మజ్జిగ, జీవామృతం లాంటివి ముక్కులో వేసే ప్రయోగాలు అసలు వద్దు. ఆయాసం వచ్చినా, జ్వరం తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఆయన యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే. మనంతట మనం కొనుక్కుని మింగడం మాత్రం మానేద్దాం. పురుగు కనిపించగానే డబ్బా పట్టుకోవడం మానుకున్నవాళ్లం, ఇదీ మానుకోగలం.