పంపు విప్పే ముందు

డీబగ్గింగ్ అంటే లాప్‌టాప్ ముందు చేసే పని అనుకుంటాం. విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీ మొరాయిస్తే మెకానిక్ ఏం చేస్తాడో ఓసారి చూడండి. ముందే ఇంజెక్షన్ పంపు మీద చెయ్యి వెయ్యడు. ట్యాంకులో డీజిల్ ఉందా, నీళ్లు కలిశాయా, ఫిల్టర్ మూసుకుపోయిందా, లైన్లో గాలి పట్టిందా, ఇవన్నీ వరసగా చూస్తాడు. ఇంజన్ మిస్ కొడుతుంటే ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేసి శబ్దం వింటాడు. శబ్దం మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. మారకపోతే తేడా అక్కడే. మనం కోడ్‌లో ఒక్కో లైన్ కామెంట్ చేసి చూసేది ఇదే కదా!

పంపు విప్పడం ఆఖరి మాట. లోపల ప్లంజర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు కొన్ని మైక్రాన్లే, కాస్త దుమ్ము చాలు పాడవడానికి. విప్పితే టెస్ట్ బెంచ్ మీద అన్ని సిలిండర్లకీ డీజిల్ సమానంగా వస్తోందో కొలవాల్సిందే.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. కొత్త లారీల్లో కామన్ రైల్. ప్రెషర్ ఎంత ఎక్కువంటే, నడుస్తున్న ఇంజన్‌కి ఆ నట్టు వదిలితే ప్రాణానికే ప్రమాదం. స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. దాని వివరణేమో ఇంగ్లీషులో. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగల మనిషి ఒక ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోవడం అన్యాయం.

ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనం తీర్చగల బాకీ ఇది. ఫాల్ట్ కోడ్లని తెలుగులో చెప్పే యాప్ మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఎందుకు కాకూడదు? దానికి ‘ఇంధన అంతఃక్షేపణ’ లాంటి మాటలు పుట్టించక్కర్లేదు. “గాలి పట్టింది” అన్న తెలుగు ఆటోనగర్‌లో ఎప్పట్నుంచో ఉంది. వెళ్లి అడిగి రాసుకుంటే చాలు.