యాకుత్‌పురా మిద్దెకు ఏ టమాట?

టమాట రకాల సిఫారసు పట్టిక వ్యవసాయ ప్రచురణలన్నింటిలోనూ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: రకం పేరు, పంటకాలం, ఎకరా దిగుబడి, తట్టుకునే తెగుళ్ళు. చేవెళ్ళ రైతుకు ఆ పట్టిక పనికివస్తుంది. యాకుత్‌పురాలో డాబా మీద ఎనిమిది సంచుల్లో టమాట పెంచదలచిన గృహిణికి మాత్రం ఎకరా లెక్క నిరర్థకం. ఆమెకు అన్నింటికన్నా ముఖ్యమైన గడి అందులో లేనే లేదు. అది రాత్రి ఉష్ణోగ్రత.

టమాటలో పిందె కట్టడానికి పగటి ఎండ కన్నా రాత్రి చల్లదనం ముఖ్యం. రాత్రి ఉష్ణోగ్రత 21-22 డిగ్రీలు దాటుతున్న కొద్దీ పుప్పొడి శక్తి సన్నగిల్లి పూత రాలడం పెరుగుతుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు సగటున 14-15 డిగ్రీల దగ్గర ఉంటే, ఏప్రిల్‌లో 24 డిగ్రీలకు చేరతాయి. ఇవి వాతావరణ కేంద్రపు ఆరుబయట కొలతలు. యాకుత్‌పురాలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, గాలి చొరని గల్లీలు, పగలంతా కాగి అర్ధరాత్రి దాకా వేడిని వదిలే సిమెంటు కప్పులు. పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని రాజేంద్రనగర్ పరిశోధనా క్షేత్రంలో ఫిబ్రవరి చివర పిందె కట్టే మొక్క ఇక్కడ పూత రాల్చితే ఆశ్చర్యపోనక్కరలేదు. (జనవరి చలిలో మాత్రం ఈ కప్పు వేడి మేలే చేస్తుంది.)

కాబట్టి రకం కన్నా ముందు తేదీ తేలాలి. వినాయక చవితి నాటికి గింజ విత్తి, దసరాకు ముందే నారు నాటితే పూత, పిందె చల్లని రాత్రుల్లో పడతాయి. జనవరిలో విత్తిన గింజ మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. అప్పటికి ఏ రకమైనా కష్టమే. పైగా తెల్లదోమ, దానితో ఆకుముడత వైరస్ విజృంభించే కాలం కూడా అదే. విత్తనాల సంచి ఎప్పుడు చేతికందితే అప్పుడు విత్తించే విస్తరణ పద్ధతి వల్ల మొదటి ఏడాదే పూత రాలి, సంచులు అటకెక్కుతున్నాయి. ఆ ఇంట మరొకసారి టమాట వేయించడం ఎంత కష్టమో క్షేత్రంలో పనిచేసేవారికి తెలియనిది కాదు.

ఇక రకం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క రక్షక్ ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. తెల్లదోమకు గల్లీల సరిహద్దులు లేవు కనుక ఈ గుణాన్ని తీసివేయలేం. అయితే అది ఎఫ్-1 సంకరం. గింజ దాచుకోవడానికి పనికిరాదు. నిండు కాపుకు పోషణ కూడా గట్టిగా కావాలి. నల్లా నీరు రోజు విడిచి రోజు వచ్చే బస్తీలో ఇరవై లీటర్ల సంచి ఒకరోజు ఎండి, మరునాడు తడిసి ముద్దవుతుంది. తడి ఇలా మారితే కాయ అడుగు నల్లబడి కుళ్ళుతుంది, పండు పగులుతుంది. ఆ దృష్టితో చూస్తే నీటి ఎద్దడిని కొంత ఓర్చే సూటి రకం అర్క వికాస్, హెచ్చుతగ్గు రాత్రి ఉష్ణోగ్రతల్లోనూ కాయ కట్టే పూసా సదాబహార్ మిద్దెకు మొదటి పరిశీలనకు అర్హమైనవి. పూసా రూబీకి ఆకుముడత పెద్ద బలహీనత. అయినా ఆ పులుపు కోసం రెండు సంచులు కేటాయించడం తప్పు కాదు.

పులుపు సంగతి చిన్నది కాదు. పాతబస్తీ వంటింట టమాటే కా కట్ అనేది పుల్లని పులుసు. టమాటలో ఆమ్లం ఎక్కువగా ఉండేది కండలో కాదు, గింజల చుట్టూ ఉన్న జిగురు గుజ్జులో. దూర రవాణా కోసం కండ మందంగా, గుజ్జు తక్కువగా తీర్చిన సంకర టమాటతో కట్ చేస్తే చింతపండు అదనంగా పిండవలసి వస్తుంది. మీర్ ఆలం మండీలో దేశీ టమాట అడిగేవారు పాత అలవాటు కొద్దీ అడగడం లేదు. మెట్లు దిగి వంటింటికి చేరే కాయకు లారీ ప్రయాణాన్ని తట్టుకునే తోలు ఎందుకు?

మిద్దెతోటను కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు తెలుగునాట ఇంటింటి మాటగా మార్చారు. పరిశోధన ఆ వేగాన్ని అందుకోలేదు. అందుకు భారీ పథకం అక్కరలేదు. ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి, యాకుత్‌పురాలో అయిదారు డాబాలు, నాలుగు రకాలు, డాబాకొక గరిష్ఠ-కనిష్ఠ ఉష్ణమాపకం, సెప్టెంబరు నుండి మార్చి వరకు వారం వారం పూత, పిందెల లెక్క. నమోదు పత్రంలో మొక్కకు ఎన్ని కిలోలు కాశాయన్న గడి పక్కనే, ఆ ఇంటివారు మరుసటి ఏడు మళ్ళీ అదే రకాన్ని విత్తారా లేదా అన్న గడి కూడా ఉండాలి.