రక్తం లెక్క ముందే తియ్యాలి

బడిలో పాఠం ఎక్కని పిల్లాణ్ణి 'మొద్దు' అంటారు. దళితవాడ పిల్లాడైతే 'వీళ్లకి చదువెక్కడొస్తుంది' అని ఇంకో మాట కలుపుతారు. తప్పంతా పుట్టుక మీదికి నెట్టేస్తారు. ఆ పిల్లాడి రక్తంలో సీసం ఎంతుందో చూసినవాడెవడు?

సీసం నీళ్లతో, దుమ్ముతో, తిండితో ఒంట్లో చేరుతుంది. కాల్షియం వేషంలో మెదడు దాకా పోతుంది. మెదడు మన ఒంటి బరువులో నూటికి 2 పాళ్లే. కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో ఐదో వంతు అదే వాడుకుంటుంది. అంత ఆక్సిజన్ ఖర్చయ్యే చోట నిప్పురవ్వల్లాంటి అణువులు పుడుతూనే ఉంటాయి. వాటిని ఆర్పే పదార్థాలూ ఒంట్లోనే ఉన్నాయి. సీసం వాటిని కట్టిపడేస్తుంది. అప్పుడు ఇనుము తుప్పు పట్టినట్టు మెదడు కణాలు దెబ్బతింటాయి. దీన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు.

పెద్దల కంటే పసిపిల్లల ఒళ్లు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం చాలని తిండి తినే పిల్లలైతే మరీను. అంటే విషం కూడా పేదోడి బిడ్డనే ముందు పట్టుకుంటుంది. ఇంతైతే ఫరవాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

2020 డిసెంబరులో ఏలూరులో జనం మూర్ఛలొచ్చి కూలిపోయారు. కొద్దిరోజుల్లోనే ఐదువందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. ఆ తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. జనం పడిపోయాక వెతికితే విషం జాడ పట్టడం ఎంత కష్టమో ఏలూరు చూపించింది.

ఇప్పుడు మన నక్కపల్లికి బల్క్ డ్రగ్ పార్కు వస్తోంది. వద్దంటూ 2025లో రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. మందుల తయారీలో నికెల్ లాంటి లోహాలూ వాడతారు. వ్యర్థాలు శుద్ధి చేస్తామంటే సరిపోదు, లెక్క చూపాలి.

మేం అడిగేది ఇదీ. కొత్త ఫ్యాక్టరీలు నడవకముందే ప్రతి వాడలో, ప్రతి పల్లెలో బోర్లు, బావుల నీళ్లు పరీక్ష చెయ్యాలి. పిల్లల రక్తంలో సీసం ఎంతుందో చూడాలి. ఫలితాలు తెలుగులో పంచాయతీ గోడ మీద రాయాలి. ఏటేటా మళ్లీ చెయ్యాలి. ఈరోజు లెక్క లేకపోతే, రేపు 'మొదట్నుంచీ ఇంతే' అని తేలిగ్గా తప్పించుకుంటారు.

కార్యకర్తలారా! గ్రామసభలో తీర్మానం పెట్టించండి. సమాచార హక్కు చట్టం కింద నీటి పరీక్షల కాగితాలు అడగండి. పాత బ్యాటరీలు ఇళ్ల దగ్గర పగలగొట్టొద్దని, కరిగించొద్దని ఇంటింటికీ చెప్పండి.

1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం జనాన్ని నడిపించాడు. మనం తాగే నీళ్లలో ఏముందో తెలుసుకోవడం కూడా ఆ హక్కులో భాగమే.