పొరుగింటి పూరిపాక

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ కాలపు తల్లులకి మూడోది కూడా చేర్చాలి: "పిల్లల చేత బొమ్మరిల్లు చేయించి చూడు" అని.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. ఆ వారంలో ఒకనాడు మా మనవరాలిని వెంటబెట్టుకుని, మా పెంటపాడుకి కాస్త ఎడంగా ఉన్న ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. ఏదని అడక్కండి. తప్పు ఆ ఒక్కచోటిదే అయితే ఇంత కాగితం ఖరాబు చేసేదాన్నే కాదు.

ఆ వేళ పిల్లలు చేయవలసింది "ఫిలిప్పీన్స్ దేశపు సంప్రదాయ గృహం". నేర్పడానికి వచ్చిన అమ్మాయి నిజంగా ఓపికమంతురాలు. ఆ ఇంటిని 'బహాయ్ కుబో' అంటారని చెప్పింది. నేలకి ఎత్తుగా గుంజల మీద నిలబెడతారట. నీపా అని తాటిజాతి చెట్టొకటి ఉంది, దాని ఆకుతో కప్పు. వాన నీళ్ళు నిలవకుండా బాగా ఏటవాలు. లోపల వెదురుబద్దల నేల, సందుల్లోంచి చల్లగాలి. ఇంటికింద చోటేమో కోళ్ళకీ, పనిముట్లకీ. ఇల్లు మార్చాలంటే ఊరివాళ్ళంతా కలిసి బొంగుల మీద ఎత్తి ఇంటినే మోసుకుపోతారని చెబితే పిల్లలతోపాటు నేనూ నోరు తెరుచుకుని విన్నాను.

ఐస్‌ఫ్రూట్ పుల్లలూ, జిగురూ, రంగుకాగితాలూ పంచారు. పని చకచకా సాగుతోంది. ఇంతలో కొల్లేటి లంకల వైపునుంచి వచ్చిన కుర్రాడొకడు లేచి, "మా తాతయ్య పాక కూడా ఇలాగే ఉంటుందండీ, తాటాకుది!" అన్నాడు. మొహం వెలిగిపోతోంది వాడికి.

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వేసి, "పాక కాదు నాన్నా, ఇది ట్రెడిషనల్ హౌస్" అంది.

వాడు తల దించుకుని పుల్లలు అంటించుకుంటూ కూర్చున్నాడు. మళ్ళీ నోరు విప్పితే ఒట్టు.

చూశారా! అదే ఆకు, అదే వెదురు, అదే వాన. సముద్రం అవతల ఉంటే సంప్రదాయం, కొల్లేటి గట్టున ఉంటే దరిద్రం! పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

ఆ అమ్మాయిని అని ఏం లాభం? మనం మాత్రం తక్కువ తిన్నామా? కూతురికి సంబంధం చూడబోతే "వాళ్ళది తాటాకిల్లట" అని మూతి విరిచింది మనమే. హైవే పక్కన హోటలువాడు నాలుగు పాకలు వేస్తే, కారేసుకు వెళ్ళి అందులో కూర్చుని బిర్యానీ తిని ఫోటోలు దిగేదీ మనమే. ఇంటికొచ్చాక మా మనవరాలిని "నిట్రాడంటే ఏమిటే?" అని అడిగాను. "అదేం ఊరు అమ్మమ్మా?" అంది. పాక నడుమ నిలబడి కప్పు బరువంతా మోసే గుంజని దానికి ఎవరు చెప్పారు గనక! నేను మాత్రం చెప్పానా?

"అయితే ఏమంటావమ్మా, మళ్ళీ పాకల్లో కాపురం చెయ్యమంటావా?" అంటారేమో. అనను. రెండు మూడేళ్ళకోసారి కప్పు నేయించడంలో ఉన్న అవస్థ నాకు తెలుసు. వేసవిలో ఒక నిప్పురవ్వకి పేటలకి పేటలే తగలబడడం తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది ప్రాణాలు పోయాయి, పాకలు ఆనవాలు లేకుండా కొట్టుకుపోయాయి. పక్కా ఇల్లు అందరికీ కావలసిందే. కానీ పాకలో ఉండమనడం వేరు, పాకలో ఉన్నవాణ్ణి చూసి నవ్వడం వేరు.

ఆ ఫిలిప్పీన్స్ వాళ్ళకీ తుఫాన్లు మనకంటే ఎక్కువే గాని తక్కువ కాదు. అయినా 'బహాయ్ కుబో' అనే పేరుతోనే ఒక జానపదగీతం అక్కడి పిల్లలకి నోటికి వచ్చు. అందులో ఇంటిచుట్టూ పండే కూరల పేర్లే ఉంటాయి. వంకాయ, బీరకాయ, ఆనపకాయ, గుమ్మడి, చిక్కుడు! మన పాకల మీద ఆనపపాదూ, గుమ్మడిపాదూ పాకలేదటండీ? వాళ్ళు దాన్ని పాట చేసుకున్నారు. మనం నవ్వులాట చేసుకున్నాం.

గ్రంథాలయాల వాళ్ళకి నాదొక్కటే మనవి. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెత్తించి, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పల్లెపల్లెకీ పంపించారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వాడి గుమ్మం ముందుకి వెళ్ళిందన్నమాట. అంతటి ఘనత ఉన్న గ్రంథాలయాలు, కళ్ళెదుట కూర్చున్న కుర్రాడి గుమ్మం దాకా వెళ్ళలేవా?

వచ్చే ఏడు కూడా ఫిలిప్పీన్స్ ఇల్లు చేయించండి, శుభ్రంగా చేయించండి. దాని పక్కనే మన తాటాకిల్లూ, గాలివాన పట్టు దొరక్క పక్కకి తప్పుకుపోయే సముద్రతీరపు చుట్టిల్లూ చేయించండి. ఐస్‌ఫ్రూట్ పుల్లలు కాసేపు పక్కనపెట్టి, పాక నేసే పెద్దాయన్ని ఒకణ్ణి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వాసాల మీద ఆకుమీద ఆకు ఎలా పరుస్తారో, చూరు నీళ్ళు గోడకి తగలకుండా ఎలా దించుతారో ఆయన నోటనే చెప్పించండి.

ఆయన ఆ కుర్రాడి తాతే అయితే మరీ మంచిది. ఆ రోజు వాడు మళ్ళీ లేచి నిలబడతాడు. అప్పుడు నవ్వేవాళ్ళెవరో నేనూ చూస్తాను.