ఆటపాటలతో ఆంగ్ల వ్యాకరణం: కోనసీమ పాఠశాలలకు అనువైన బోధన

అమలాపురం: వ్యాకరణ సూత్రాలను తడుముకోకుండా అప్పగించే విద్యార్థి ఆంగ్లంలో స్వంతంగా ఒక్క వాక్యం పలుకుటకు వెనుకాడుట గ్రామీణ పాఠశాలలలో తరచుగా కనిపించే పరిస్థితి. గల్ఫ్ దేశాలకు ఉపాధి నిమిత్తం వెళ్లే కుటుంబాలు అనేకం గల కోనసీమలో ఈ లోటు మార్కులతో ఆగక, జీవనోపాధిపై సైతం ప్రభావం చూపుతుంది. ఆటలు, కృత్యాల ద్వారా వ్యాకరణ బోధన ఈ లోటును తీర్చగలదు. అయితే తెలుగు విద్యార్థి ఎక్కడ పొరబడుతున్నాడో గుర్తించి రూపొందించిన కృత్యాలే ఫలితమిస్తాయి.

విధానాల నేపథ్యం

రాష్ట్రంలో ఆంగ్ల బోధనకు సంబంధించిన విధానాలు పలుమార్లు మారినవి. ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టివేసింది. 2020-21 విద్యా సంవత్సరం నుండి తెలుగు, ఆంగ్లాలను ఎదురెదురు పుటలలో ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశపెట్టబడినవి. 2023లో టోఫెల్ శిక్షణకై ఈటీఎస్ సంస్థతో ఒప్పందం కుదిరినప్పటికీ, 2024లో ప్రభుత్వం మారిన పిదప ఆ కార్యక్రమం కొనసాగలేదు. విధానం ఏదైనా, వాక్య నిర్మాణం నేర్పవలసింది మాత్రం తరగతి గదిలోని ఉపాధ్యాయుడే.

పొరపాట్లకు మూలం

తెలుగులో క్రియ సాధారణంగా వాక్యాంతంలో వస్తుంది. ఆంగ్లంలో కర్తకు, కర్మకు నడుమ నిలుస్తుంది. ‘ఆమె మా టీచరు’ అనుటకు తెలుగులో క్రియ అవసరం లేదు. అందుచేతనే ‘షి ఈజ్ మై టీచర్’ అనవలసిన చోట విద్యార్థి ‘ఈజ్’ను విడిచిపెడతాడు. ‘వెళ్తాడు’ అనే ఒకే రూపం నిత్యం జరిగే పనికీ, రేపు జరగబోయే పనికీ సరిపోతుంది. ఆంగ్లంలో ఇవి ‘గోస్’, ‘విల్ గో’ అని వేరుపడతాయి.

అనువైన కృత్యాలు

పదాల వరుస: ‘రాము’, ‘మామిడిపండు’, ‘తిన్నాడు’ అనే అట్టలు పట్టుకొని ముగ్గురు విద్యార్థులు వరుసగా నిలబడతారు. ఆంగ్ల అట్టలు ఇచ్చినంతనే క్రియను పట్టుకొన్న విద్యార్థి చివరి నుండి నడిచి మధ్యకు రావాలి. సూత్రం చెప్పకుండానే తేడా కంటికి కనిపిస్తుంది.

కొబ్బరికాయ ఎక్కడ?: ఒకరిని బయటకు పంపి, గదిలో కొబ్బరికాయను దాచాలి. తిరిగి వచ్చిన విద్యార్థి ‘ఈజ్ ఇట్ అండర్ ద టేబుల్?’ వంటి ప్రశ్నలతోనే దానిని కనుగొనాలి. తెలుగులో ‘బల్ల కింద’ అని నామవాచకం తరువాత వచ్చే మాట ఆంగ్లంలో ముందుకు వచ్చుట దీనితో అలవడుతుంది.

మూడు రేవులు: నేలపై సుద్దముక్కతో నిన్న, ప్రతిరోజూ, రేపు అని మూడు గడులు గీయాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లే ప్రయాణికుని గురించి ఉపాధ్యాయుడు చెప్పిన వాక్యాన్ని బట్టి విద్యార్థి తగిన గడిలోకి దూకి, కాలానికి తగిన క్రియతో మరొక వాక్యం పలకాలి.

పర్యవేక్షణలో గమనించవలసినవి

కృత్యం ముగిసిన పిదప అయిదు నిమిషాల చర్చ, రెండు వాక్యాల రాతపని లేనిచో వినోదమే మిగులుతుంది, వ్యాకరణం నిలువదు. ఆట నడుమ ప్రతి తప్పునూ సరిదిద్దినచో బిడియస్తులు మౌనం వహిస్తారు; తప్పులను గుర్తుంచుకొని చివరలో అందరికీ కలిపి వివరించుట మేలు. విద్యార్థుల సంఖ్య అధికంగా ఉన్నచోట జట్లుగా విభజించనిదే చురుకైన కొద్దిమందికే అవకాశం దక్కుతుంది.

కృత్యాధార బోధనను జాతీయ విద్యా విధానం-2020 సైతం ప్రోత్సహిస్తున్నది. సుద్దముక్క, అట్టముక్కలు, ఒక కొబ్బరికాయ తప్ప వీటికి వేరే సామగ్రి అక్కరలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో పాఠశాలలను సందర్శించే అధికారులు తరగతిలోని సందడిని క్రమశిక్షణా లోపంగా భావించరాదు. ఆ పీరియడులో ఎందరు విద్యార్థులు స్వంత వాక్యం పలికారన్నదే బోధనకు సరైన కొలమానం కాగలదు.