కంప్యూటర్ కబుర్లు: కనబడని ఫైలు పోయిన ఫైలు కాదు

ఢిల్లీ వీధుల పేర్ల బోర్డులపై హిందీ, ఇంగ్లీషు, పంజాబీ, ఉర్దూ లిపులు నాలుగూ కనిపిస్తాయి. ఉర్దూ చదవరాని మనం ఆ వరుసలో ఏమీ రాయలేదని అనుకోము. కంప్యూటరు మాత్రం ఒక్కొక్కసారి అలాగే అనుకుంటుంది.

నోయిడాలో నివసించే మన సహోద్యోగి ఒకరు లినక్స్ వాడే పాత ల్యాప్‌టాప్ ఇటీవల చెడిపోయింది. దాని హార్డ్ డిస్కును తీసి విండోస్ కంప్యూటరుకు తగిలించగా, "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అన్న సందేశం వచ్చింది. అందులో ఆయన తల్లిదండ్రుల షష్టిపూర్తి ఫొటోలున్నాయి. మరో ప్రతి లేదు. ఆయన అంగీకరించబోతుండగా కుమార్తె వారించింది.

డిస్కులో ఏ ఫైలు ఎక్కడున్నదో తెలిపే పట్టికను ఒక్కొక్క వ్యవస్థ ఒక్కొక్క పద్ధతిలో రాస్తుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక పద్ధతి. 2008లో లినక్స్‌లో స్థిరపడిన ఈఎక్స్‌టీ4 మరొకటి. లినక్స్ రెండింటినీ చదవగలదు. విండోస్ తనంతట తాను ఈఎక్స్‌టీ4ను చదవలేదు. కనుక అట్టి సందేశం వచ్చినప్పుడు "క్యాన్సిల్" నొక్కి, పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను నడిపి, ఫైళ్లను వేరొక డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఆ సమయంలో "ఇన్‌స్టాల్" జోలికి పోరాదు.

ఒకే కంప్యూటరులో రెండు వ్యవస్థలూ ఉన్నవారికి మరొక చిక్కు. లినక్స్ నుండి విండోస్ భాగాన్ని తెరిస్తే ఫైళ్లను చదవనిస్తుంది గాని రాయనివ్వదు. ఒక్కొక్కసారి అసలు తెరవదు. 2012లో విండోస్ 8తో వచ్చిన "ఫాస్ట్ స్టార్టప్" ఇందుకు తరచు కారణం. షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ముగియక, సగం పనిని డిస్కులో దాచి నిద్రిస్తుంది. షట్‌డౌన్‌కు బదులు "రీస్టార్ట్" ఎంచుకొని లినక్స్‌లోకి ప్రవేశిస్తే సాధారణంగా ఈ చిక్కు తొలగుతుంది. బలవంతంగా తెరిచే ఆదేశాలు వాడితే దాచిన పని నశించవచ్చు. బిట్‌లాకర్ తాళం ఉన్నవారు 48 అంకెల రికవరీ కీని ముందే కాగితంపై రాసి భద్రపరచుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ విధానాన్ని ప్రకటించింది. సీ-డాక్ రూపొందించిన బాస్ కూడా లినక్సే. ఈ పరిజ్ఞానం ఇకపై పలువురికి అవసరమే. అయితే ఈ ప్రయత్నాలు ఇంటి కంప్యూటరుకే పరిమితం. కార్యాలయపు కంప్యూటరును ఐటీ విభాగానికే వదలాలి.

మన సహోద్యోగి ఫొటోలన్నీ ఆ సాయంత్రమే దొరికాయి. చదవరాని కాగితాన్ని చింపివేయడం కాదు, చదవగలిగినవారికి చూపించడం వివేకం.